ధర వేరు, జీతం వేరు

సంపాదకులకు నమస్కారం.

ఐరోపా ఫుట్‌బాల్‌లో పెరిగిపోతున్న డబ్బు గురించి మీ క్రీడల పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. 2025 సెప్టెంబర్ 1న న్యూకాజిల్ క్లబ్బు నుంచి లివర్‌పూల్‌కు మారిన స్వీడన్ ఆటగాడు అలెగ్జాండర్ ఇసాక్ 1,400 కోట్ల రూపాయలకు పైగా జేబులో వేసుకున్నాడని అందులో రాశారు. పక్కనే ఒక పెట్టె కట్టి, ఆ మొత్తంతో ఎన్ని ప్రభుత్వ పాఠశాలలు కట్టవచ్చో లెక్క కూడా వేశారు. ఒక ఆటకు అంత డబ్బు సబబా అన్న ప్రశ్న న్యాయమైనదే, దాని మీద నాకూ చెప్పవలసింది ఉంది. అయితే ఆ సొమ్ము, అంటే 12.5 కోట్ల పౌండ్లు, ఇసాక్ జేబులోకి వెళ్లలేదు. అది లివర్‌పూల్ క్లబ్బు న్యూకాజిల్ క్లబ్బుకు చెల్లించడానికి ఒప్పుకున్న బదిలీ రుసుము. ఆటగాడి జీతం పూర్తిగా విడి పద్దు. ముప్పై ఆరేళ్లు ఊరి పద్దులూ ఆఫీసు పద్దులూ సరిచూసి పదవీ విరమణ చేసిన ఆడిట్ ఉద్యోగిని కనుక, రెండు పద్దులు ఒకే గడిలో కలిసిపోతే నాకు కునుకు పట్టదు. ఉత్తరం కాస్త పొడుగైతే ఆ పాత అలవాటును మన్నించండి.

ఆ రోజు పొద్దున మా ఇంట్లో జరిగింది చెబితే పొరపాటు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. తొమ్మిదో తరగతి చదివే మా మనవడు మీ పేజీని ఇడ్లీ పళ్లెం పక్కన పరచుకుని, "తాతయ్యా, ఇసాక్ జీతం పంత్ జీతానికి యాభై రెట్లు!" అని కేక పెట్టాడు. వాడి తప్పేమీ లేదు. మన ఇళ్లలో ఆటగాడి ధర అనగానే గుర్తొచ్చేది ఐపీఎల్ వేలం. 2024 నవంబర్‌లో జెడ్డాలో జరిగిన వేలంలో లఖ్‌నవూ జట్టు రిషభ్ పంత్‌ను 27 కోట్ల రూపాయలకు పాడుకున్నదంటే, ఆ 27 కోట్లు పంత్‌కు ఒక సీజన్‌కు వచ్చే జీతమే. అతన్ని వదులుకున్న ఢిల్లీ జట్టుకు అందులో దమ్మిడీ రాదు. పైగా ఆ వేలంలో, అట్టిపెట్టుకున్న ఆటగాళ్లతో కలిపి ఒక్కో జట్టు 120 కోట్లు దాటరాదన్న గిరి గీశారు. ఐరోపా ఫుట్‌బాల్‌లో వేలమూ లేదు, జట్లన్నిటికీ ఒకే అంకెతో గీసిన గిరీ లేదు. ఒక క్లబ్బుతో ఆటగాడికి ఇంకా కొన్నేళ్ల ఒప్పందం మిగిలి ఉండగా మరో క్లబ్బు అతన్ని కోరుకుంటే, ఆ మిగిలిన ఏళ్లను వదులుకున్నందుకు మొదటి క్లబ్బు పుచ్చుకునే పరిహారమే బదిలీ రుసుము. ఇదంతా వాడికి నోటితో చెబితే ఎక్కలేదు. పాత కరెంటు బిల్లు వెనక్కి తిప్పి, పెన్సిలుతో నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు 'క్లబ్బుకు' అనీ కుడివైపు 'మనిషికి' అనీ రాశాను. పంత్ పేరు ఎదుట ఎడమ గడిలో సున్నా, కుడి గడిలో 27 కోట్లు. ఇసాక్ పేరు ఎదుట ఎడమ గడిలో 12.5 కోట్ల పౌండ్లు, కుడి గడిలో ప్రశ్నార్థకం గుర్తు. ఆ గుర్తు సంగతికి చివర వస్తాను.

ఈ రెండు గడులూ మొదటినుంచీ కలిసి పెరిగినవి కావు. చాలాకాలం పాటు కుడి గడిని తొక్కిపట్టి ఎడమ గడిని పెంచుకున్నారు. ఇంగ్లండ్‌లో 1901 నుంచి ఆటగాడి జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. మొదట్లో అది వారానికి 4 పౌండ్లు. ఒప్పందం గడువు తీరిపోయినా పాత క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు మరో చోటికి వెళ్లడానికి వీల్లేదు. ఆ రోజుల్లోనే, 1905 ఫిబ్రవరిలో, సండర్లాండ్ నుంచి ఆల్ఫ్ కామన్ అనే ఆటగాణ్ణి మిడిల్స్‌బ్రో క్లబ్బు 1,000 పౌండ్లకు తీసుకుంది. మనుషులను కొనడమేమిటని అప్పటి పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ వెయ్యి పౌండ్ల మనిషికి మాత్రం నిబంధనల ప్రకారం దక్కేది వారానికి నాలుగు పౌండ్లే. 1928లో బోల్టన్ నుంచి డేవిడ్ జాక్‌ను ఆర్సెనల్ 10,890 పౌండ్లకు కొన్ననాటికి ఆ పరిమితి 8 పౌండ్లకు చేరింది. ఆ బేరం గురించి అక్కడ ఒక ముచ్చట చెప్పుకుంటారు. ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ హోటల్లో వెయిటర్‌ను ముందుగానే పక్కకు పిలిచి, బోల్టన్ పెద్దల గ్లాసుల్లో మందు రెట్టింపు పోయమనీ, తన గ్లాసులో జిన్ చుక్క కూడా లేకుండా ఉత్త టానిక్ పోయమనీ చెప్పి, రాత్రికి ధర దింపించాడట. ఎంతసేపు విన్నా ఆ ముచ్చటలో జాక్ ఊసు రాదు.

ఈ పద్ధతిని బద్దలు కొట్టింది ఆటగాళ్లే. సమ్మెకు దిగుతామని వాళ్ల సంఘమూ, దాని అధ్యక్షుడు జిమ్మీ హిల్లూ గట్టిగా నిలబడేసరికి 1961 జనవరిలో జీతాల పరిమితి ఎత్తివేశారు. అప్పటికి అది వారానికి 20 పౌండ్లు. సమ్మె గురించి మాంచెస్టర్‌లో జరిగిన సమావేశంలో ఒక కుర్ర ఆటగాడు లేచి, బొగ్గుగనిలో దిగే మా నాన్నకన్నా మనకు ఎక్కువ జీతం ఎందుకని అడిగాడట. తానూ గనిలో పనిచేసి వచ్చిన బోల్టన్ డిఫెండర్ టామీ బ్యాంక్స్ దానికి జవాబిస్తూ, గని పని ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ మీ నాన్న పని చూడటానికి శనివారం పూట ముప్పై వేలమంది డబ్బిచ్చి రారు, కావాలంటే ఆయన్నొచ్చి మేటి ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌ను ఒకసారి ఆపి చూడమను అన్న అర్థంలో మాట్లాడాడని ఆ సంఘటనను అక్కడివాళ్లు నేటికీ తలుచుకుంటారు. ఆటగాడి జీతానికి ఇంతకన్నా సూటి సమర్థనను నేను చదవలేదు. మీ పెట్టెలోని పాఠశాలల లెక్కకు కూడా జవాబు అందులోనే ఉంది. ఆ సొమ్ము బడులకు కేటాయించిన ఖజానాలోంచి తీసింది కాదు, ఆట చూడటానికి జనం ఇష్టపడి ఇచ్చింది. (నేరుగా ప్రభుత్వాల సొమ్ముతో నడిచే క్లబ్బులు కొన్ని ఉన్నాయి. వాటి విషయంలో మీ పెట్టె పూర్తిగా సబబు.) పరిమితి తొలగిన కొద్ది రోజుల్లోనే ఫుల్హామ్ క్లబ్బు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ప్రకటించింది. తనను కదలనివ్వని న్యూకాజిల్ మీద జార్జ్ ఈస్ట్‌హామ్ వేసిన దావాలో, గడువు తీరినా ఆటగాణ్ణి కట్టేసే ఆ పద్ధతి అన్యాయమైన నిర్బంధమని 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్ తీర్పు చెప్పారు.

మిగిలిన ముడిని విప్పింది బెల్జియంకు చెందిన జాన్-మార్క్ బోస్మన్ అనే సాధారణ ఆటగాడు. 1990లో లియేజ్ క్లబ్బుతో అతని ఒప్పందం ముగిసింది, ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బు రమ్మంది, అయినా రుసుము కుదరక పాత క్లబ్బు అతన్ని వదల్లేదు. ఐదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక 1995 డిసెంబర్ 15న ఐరోపా న్యాయస్థానం, ఒప్పందం తీరిన ఆటగాడి మీద రుసుము అడగరాదని తేల్చింది. ఆ తీర్పుతో బోస్మన్ బాగుపడింది పెద్దగా లేదు, అతని ఆట అప్పటికే అయిపోయింది. కానీ మన కరెంటు బిల్లు మీది రెండు గడులకూ అప్పటినుంచీ త్రాసు తట్టల సంబంధం ఏర్పడింది. ఒప్పందం ముగిసేదాకా ఓపిక పట్టి కదిలితే ఎడమ గడిలో సున్నా పడుతుంది, అలా మిగిలిన సొమ్ములో మంచి భాగాన్ని ఆటగాడు జీతంగానో చేరిక బోనస్‌గానో అడిగి తీసుకుంటాడు. 2024లో ఫ్రాన్స్ ఆటగాడు కిలియన్ ఎంబాపే పారిస్ సెయింట్ జెర్మెయిన్ క్లబ్బు నుంచి రియల్ మాడ్రిడ్‌కు వెళ్లింది రూపాయి రుసుము లేకుండానే. అందుకని అతను చవకగా దొరికాడని ఎవరైనా అనుకుంటే, కుడి గడి వైపు చూడలేదన్నమాట.

ఇక అంకెలు ఇంతగా ఎందుకు ఉబ్బాయంటే ప్రధాన కారణం టీవీ. 1979 ఫిబ్రవరిలో ట్రెవర్ ఫ్రాన్సిస్ కోసం నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 10 లక్షల పౌండ్లు ఇచ్చినప్పుడు బ్రిటన్ నోరెళ్లబెట్టింది. అప్పట్లో క్లబ్బుకు ముఖ్యమైన రాబడి గేటు దగ్గర టిక్కెట్ల డబ్బే. 1992లో ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై డివిజన్‌గా ప్రీమియర్ లీగ్ పెట్టినప్పుడు ప్రసార హక్కుల ఒప్పందం విలువ ఐదేళ్లకు 30.4 కోట్ల పౌండ్లని ఘనంగా ప్రకటించారు. 2025లో మొదలైన ఒప్పందంలో ఒక్క బ్రిటన్ ప్రసారాలకే నాలుగేళ్లకు 670 కోట్ల పౌండ్లు. విదేశీ హక్కులు దీనికి అదనం, అర్ధరాత్రి దాకా మేల్కొని మన పిల్లలు చూసే ఆటల తాలూకు సొమ్ము కూడా అందులో ఉంది. ఇలా వచ్చింది వచ్చినట్టు దాచుకునే క్లబ్బు ఎక్కడా ఉండదు, ఎందుకంటే పట్టికలో అడుగున మిగిలిన మూడు జట్లూ కింది డివిజన్‌కు పడిపోతాయి. ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచినవాళ్లు మరుసటి ఏడాది కూడా దర్జాగా అదే లీగ్‌లో ఆడతారు, ఇక్కడ అలా కుదరదు. ఆ భయానికి పైవాళ్లు, ఆ ఆశకు కిందివాళ్లు శక్తికి మించి ఖర్చుపెడతారు. ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో కొన్ని సీజన్లలో క్లబ్బులన్నీ కలిసి సంపాదించిన దానికన్నా జీతాలకు ఇచ్చిందే ఎక్కువ. నూరు రూపాయలు వచ్చే ఇంట్లో నూట ఆరు రూపాయలు జీతాలకే పోతే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో ఏ ఆడిటరూ చెప్పలేడు.

ఇవన్నీ ఒకేచోట కనిపించే ఉదాహరణ బార్సిలోనా. 2017 ఆగస్టులో పారిస్ సెయింట్ జెర్మెయిన్ క్లబ్బు బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ ఒప్పందంలోని విడుదల షరతు (ఇంత కడితే వదిలేయాలని ముందే రాసుకున్న మొత్తం) ప్రకారం 22.2 కోట్ల యూరోలు, అప్పటి మారకంలో 1,600 కోట్ల రూపాయలకు పైగా, చెల్లించి అతన్ని తీసుకుపోయింది. ఆ క్లబ్బు వెనక 2011 నుంచి ఉన్నది ఖతార్ సొమ్ము. స్పెయిన్ లీగ్ అధికారులు ఆ చెల్లింపును తీసుకోబోమని తిప్పి పంపితే, పారిస్ తరఫు లాయర్లు నేరుగా బార్సిలోనా ఆఫీసుకే వెళ్లి కట్టి వచ్చారు. బార్సిలోనాకు అది తలుపు తట్టి వచ్చిన లక్ష్మి. కానీ చేతిలో అంత సొమ్ము ఉన్నట్టు అంగట్లో అందరికీ తెలిసిపోయాక బేరం ఎక్కడ కుదురుతుంది? డార్ట్‌మండ్ నుంచి ఉస్మాన్ డెంబెలే కోసం 10 కోట్ల యూరోలకు పైగా, కొన్ని నెలల్లోనే లివర్‌పూల్ నుంచి ఫిలిపె కుటినో కోసం అంతకన్నా ఎక్కువ పోసింది. కుటినో అక్కడ కుదురుకోలేదు. అరువు మీద బయర్న్ మ్యూనిక్‌కు పంపారు. 2020 ఆగస్టులో లిస్బన్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో బయర్న్ చేతిలో బార్సిలోనా 8-2తో చిత్తుగా ఓడింది, ఆఖరి నిమిషాల్లో బయర్న్ తరఫున దిగి రెండు గోల్స్ కొట్టింది ఆ కుటినోయే. తాను కోట్లు పోసి కొన్న మనిషి చేత తన వలలోకే బంతి కొట్టించుకున్న క్లబ్బు ఇంకొకటి నాకు గుర్తులేదు.

అయినా బార్సిలోనాను ముంచింది ఆ రుసుములు ఒక్కటే అనుకోవడం సరికాదు. లయొనెల్ మెస్సీ 2017లో చేసుకున్న ఒప్పందం నాలుగేళ్లకు గరిష్ఠంగా 55.5 కోట్ల యూరోలని స్పెయిన్ పత్రిక ఎల్ ముండో 2021 జనవరిలో బయటపెట్టింది. మెస్సీ ఒక్కడి సంగతీ కాదు, అతని జీతం పెరిగినప్పుడల్లా డ్రెస్సింగ్ రూములో మిగతావాళ్లూ తమ వంతు పెంచమన్నారు. కరోనాతో మైదానాలు మూతపడి రాబడి ఆగిపోగానే డొల్లతనం బయటపడింది. 2021 ఆగస్టులో కొత్త అధ్యక్షుడు జువాన్ లపోర్టా పత్రికల ముందు కూర్చుని, అప్పులు 135 కోట్ల యూరోలనీ, జీతాల ఖర్చు రాబడిలో 103 శాతమనీ చెప్పారు. జీతం సగం తగ్గించుకుంటానని మెస్సీ ఒప్పుకున్నా, స్పెయిన్ లీగ్ పెట్టిన వ్యయ పరిమితిలో అతని పేరు నమోదు చేయడానికి చోటు చాలలేదు. పదమూడేళ్ల వయసులో వచ్చి చేరిన క్లబ్బును వదిలిపోతూ అతను మైకు ముందు ముక్కు తుడుచుకుంటూ ఏడ్చిన దృశ్యం మీ పత్రిక మొదటి పేజీలో కూడా వచ్చింది. అతను వెళ్లిపోయింది బదిలీ రుసుము లేకుండానే కనుక, ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడికి బదులు బార్సిలోనా ఎడమ గడిలో పడింది సున్నా.

నా వృత్తికి దగ్గరైన సంగతి ఇంకొకటుంది. క్లబ్బులు ఆటగాణ్ణి లెక్కల పుస్తకంలో ఎలా చూపిస్తాయో తెలిస్తే ఈ రుసుములు ఎందుకు అంత తేలిగ్గా ఇస్తారో అర్థమవుతుంది. మన ఆఫీసుల్లో జీపు కొంటే దాని ఖరీదును ఒకే ఏడు ఖర్చు రాయం, పనిచేసే ఏళ్ల మీద పంచి ఏటేటా తరుగు రాస్తాం. ఆటగాడి రుసుమూ అంతే. ఇసాక్‌ను న్యూకాజిల్ 2022లో స్పెయిన్‌లోని రియల్ సొసియెదాద్ నుంచి సుమారు 6 కోట్ల పౌండ్లకు కొని ఆరేళ్ల ఒప్పందం రాసుకుంది. అంటే ఏడాదికి సుమారు కోటి చొప్పున తరుగు. మూడేళ్లు గడిచాక పుస్తకంలో అతని విలువ 3 కోట్లే మిగిలింది. దాన్ని 12.5 కోట్లకు అమ్మితే ఆ ఒక్క ఏడాదే 9 కోట్లకు పైగా లాభం. కొన్న లివర్‌పూల్‌కు మాత్రం ఆ 12.5 కోట్లు ఒక్కసారిగా ఖర్చు కింద పడవు. ఐదేళ్ల మీద పంచితే ఏడాదికి 2.5 కోట్లు. అమ్మినవాడికి లాభం వెంటనే, కొన్నవాడికి భారం తాపీగా. ఇంత సుఖమైన వ్యాపారం పుస్తకాల్లో ఇంకెక్కడా చూడలేదు. 2023 జనవరిలో చెల్సీ క్లబ్బు ఎంజో ఫెర్నాండెజ్‌కు ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం రాసిందీ ఆ భారాన్ని ఇంకా పలచన చేయడానికే. ఆ ఎత్తు చూశాకే, ఒప్పందం ఎన్నేళ్లదైనా ఐదేళ్లకు మించి పంచరాదని ఐరోపా సమాఖ్య యుయెఫా నిబంధన తెచ్చింది, ఆ ఏడాది చివర ప్రీమియర్ లీగ్ కూడా అదే దారి పట్టింది.

నిబంధన పెట్టిన ప్రతిచోటా దాని చుట్టూ సందు కనిపెడతారు. మూడేళ్లలో నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటరాదని ప్రీమియర్ లీగ్ ఒక హద్దు పెట్టింది. ఉద్దేశం మంచిది, దాన్ని మీరినందుకు 2023-24 సీజన్‌లో ఎవర్టన్‌కూ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కూ పాయింట్లు కోశారు కూడా. కానీ చిన్నప్పటినుంచీ క్లబ్బే పెంచిన కుర్రాడికి పుస్తకంలో కొన్న ధర సున్నా కనుక, అతన్ని అమ్మితే వచ్చిందంతా లాభమే. దాంతో హద్దు దగ్గరపడ్డ క్లబ్బుకు అమ్ముకోవడానికి అన్నిటికన్నా లాభసాటి సరుకు ఆ ఊరి బిడ్డే అయ్యాడు. 2024లో జూన్ 30 లెక్కల గడువు ముంచుకొస్తుండగా న్యూకాజిల్ తన అకాడమీలో పెరిగిన ఎలియట్ ఆండర్సన్‌ను ఫారెస్ట్‌కు అమ్మింది. కుర్రవాడికి వెళ్లాలని లేదు, కోచ్‌కు పంపాలని లేదు. సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి 2021 నుంచి అధికవాటా యజమానిగా ఉన్న క్లబ్బు డబ్బు లేక ఊరి పిల్లవాణ్ణి అమ్ముకుందంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. ఆడిట్ తెలిసినవాళ్లకు వింతేమీ కాదు, గడువు ముందు రాత్రి స్టాకు తగ్గించి చూపే దుకాణాలు మేం చాలా చూశాం.

ఇంత ఖర్చుకు గెలుపు దక్కుతుందా అన్నది వేరే ప్రశ్న. ఇంగ్లండ్ క్లబ్బుల లెక్కలను దశాబ్దాలకు దశాబ్దాలు తిరగేసిన ఆర్థికవేత్త స్టెఫాన్ షిమాన్‌స్కీ తేల్చిందేమంటే, దీర్ఘకాలంలో క్లబ్బు స్థానం దాని జీతాల మొత్తాన్ని అనుసరించి పోతుంది, బదిలీలకు పోసిన సొమ్ముతో దానికి అంత గట్టి సంబంధం లేదు. నెలనెలా మంచి జీతమిచ్చి మంచివాళ్లను నిలుపుకున్న క్లబ్బు పైకి వస్తుంది, పతాక శీర్షికకు ఎక్కే కొనుగోళ్లు చేసిన క్లబ్బు తప్పకుండా పైకి వస్తుందని లేదు. 2016లో ప్రీమియర్ లీగ్ గెలిచి అందరినీ నివ్వెరపరిచిన లెస్టర్ జట్టులో జేమీ వార్డీ ఖరీదు 10 లక్షల పౌండ్లు, రియాద్ మహ్రెజ్ ఖరీదు అందులో సగం కూడా లేదు. మీ శీర్షికలన్నీ ఎడమ గడి మీదే ఉండటం నాకు ఇందుకే లోపంగా తోస్తుంది.

బదిలీ రుసుమును మీ వ్యాసం కేవలం దుబారాగా చూపింది, దానితో కూడా నేను ఏకీభవించలేను. హైదరాబాద్ వాళ్లకు దీని విలువ మిగతావాళ్లకన్నా బాగా తెలియాలి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో ఆడినవాళ్లకు జీతం వచ్చింది పోలీసు ఉద్యోగం నుంచే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేరింది. మా నాన్నగారు ఫతే మైదాన్‌లో ఆ ఆటలు చూసినవారు. గోడ ఎక్కి చూశానని ఒకసారి, రెండణాల టిక్కెట్టు కొన్నానని మరోసారి చెప్పేవారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. ఆ తరువాతి తరంలో నయీముద్దీన్, హబీబ్ కూడా కలకత్తా దారే పట్టారు. అక్కడ ఆటగాళ్లు క్లబ్బులు మారే రోజుల్లో, ఎదుటి క్లబ్బువాళ్లు ఎత్తుకుపోకుండా ఆటగాణ్ణి ఏ అభిమాని ఇంట్లోనో దాచి, సంతకం నాటికి బయటికి తెచ్చేవారట. వెళ్లినవాళ్లను తప్పుపట్టే పని లేదు, ఆటకు విలువ ఇచ్చే ఊరు వెతుక్కున్నారు. కానీ వాళ్లకు కాలు నిలపడం నేర్పిన మైదానాలకు ఆ విలువలో వాటా రాలేదు. ఈనాడు అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా నియమాల ప్రకారం, దేశం దాటిన బదిలీలో రుసుములో 5 శాతాన్ని ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నిటికీ ఏళ్ల లెక్కన పంచాలి. ఈ ఏర్పాటు వచ్చింది 2001లో. కోట్ల బదిలీ ఒకటి జరిగితే ఎక్కడో స్వీడన్‌లోనో సెనెగల్‌లోనో ఒక చిన్న క్లబ్బుకు కొత్త నేల, కొత్త బంతులు వస్తాయి. హైదరాబాద్ మైదానాలకు యాభైల్లో అలాంటి వాటా అంది ఉంటే అవి ఇవాళ్టి స్థితిలో ఉండేవి కావని నా నమ్మకం.

జీతాలు ఎక్కువైపోయాయని బాధపడే మనం, జీతాలు అందనివాళ్ల సంగతి చివరి పేజీలో రెండు అంగుళాల్లో చదువుతాం. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ రాత్రి మా వీధిలో కూడా టపాకాయలు పేలాయి. రెండేళ్లు తిరిగేసరికి ఆటగాళ్ల జీతాలు బకాయిపడ్డాయి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, మిగిలిన కుర్రాళ్లతోనే 2023-24 సీజన్ ఆడి 22 మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఇంగ్లండ్‌లో 1885లో పుట్టిన బరీ క్లబ్బు కథ దీనికన్నా విషాదం. ఖర్చులు మోయలేక, కొత్త యజమాని దొరక్క, 2019 ఆగస్టులో లీగ్ నుంచే బహిష్కరణకు గురైంది. బహిష్కరణకు ముందు రోజుల్లో ఆ ఊరి జనం మైదానం కుర్చీలు తుడిచి శుభ్రం చేయడానికి బకెట్లు పట్టుకుని వచ్చారు, మ్యాచ్ జరుగుతుందనే ఆశతో. 2020 ఏప్రిల్‌లో కరోనా వేళ లివర్‌పూల్ యాజమాన్యం ఆటగాళ్లు కాని సిబ్బంది జీతాల భారాన్ని ప్రభుత్వ పథకం మీదికి నెట్టబోయి, అభిమానుల ఆగ్రహానికి రెండు రోజుల్లో వెనక్కి తగ్గింది. ఆ వారమే బ్రిటన్ మంత్రి ఒకరు ఆటగాళ్లు జీతం వదులుకోవాలని ఉపన్యసించారు. యజమానుల గురించి ఆయన ఒక్క మాట అనలేదు. ధర పెంచినవాడు ఒకడు, మొహం మీద వేలు చూపించుకునేవాడు ఇంకొకడు అన్న ఈ తంతు 1905 నుంచీ ఉన్నదే.

అభిమానికి మాత్రం తన జేబు సంగతి తెలుసు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ కొన్ని టిక్కెట్ల ధర 77 పౌండ్లకు పెంచుతామంటే, సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. జట్టు అప్పటికి ఆధిక్యంలో ఉంది. వాళ్లు వెళ్లాక రెండు గోల్స్ ఇచ్చి డ్రాతో సరిపెట్టుకుంది. వారం తిరగకుండానే క్లబ్బు ఆ పెంపును ఉపసంహరించుకుంది.

నేను కోరేది చిన్నది. జనవరిలో బదిలీల కిటికీ, అంటే ఆటగాళ్లు క్లబ్బులు మారడానికి అనుమతించే గడువు, మళ్లీ తెరుచుకుంటుంది, మీ పేజీలో మళ్లీ పట్టిక వస్తుంది. అందులో రుసుము ఎంత, అది ఏ క్లబ్బు ఏ క్లబ్బుకు ఇచ్చింది, ఒప్పందం ఎన్నేళ్లు అన్నవి ఒక వరసలో వేసి, జీతాన్ని వేరే వరసలో వేయండి. ఇంగ్లండ్ క్లబ్బులు ఏటా ప్రకటించే లెక్కల్లో అందరి జీతాల మొత్తం కనిపిస్తుంది గానీ ఎవరికెంతో చెప్పవు. 2022-23లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నిటికీ కలిపి ఆ మొత్తం సుమారు 400 కోట్ల పౌండ్లు. ఒక్కో ఆటగాడి వారం జీతమంటూ తిరిగే అంకెలు చాలావరకు ఏజెంట్ల నోటి మాటలు. కాబట్టి తెలియనిచోట 'క్లబ్బు ప్రకటించలేదు' అని అచ్చువేయండి. మా మనవడు ఆ కరెంటు బిల్లును ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాడు. ఇసాక్ పేరు ఎదుట కుడి గడిలో ప్రశ్నార్థకం గుర్తు అలాగే ఉంది, చెరపవద్దని చెప్పాను.

భవదీయుడు,
విశ్రాంత ఆడిట్ ఉద్యోగి, సికింద్రాబాద్